నాన్నగారికి సంచి సంగతి ఎప్పుడు చెప్పాలి?

ప్రశ్న: మాది సూళ్లూరుపేట దగ్గర పల్లె. పెళ్లయినప్పటి నుంచి నేను చెన్నై పెరంబూరులో ఉంటున్నాను. మా నాన్నగారికి 66 ఏళ్లు, వ్యవసాయం చేస్తారు. మలంలో రక్తం పడుతుంటే మొలలనుకుని ఏడాదిపాటు పసరు మందు వాడారు. చివరికి ఇక్కడికి తీసుకొచ్చి చూపిస్తే పురీషనాళంలో క్యాన్సర్ అన్నారు. ఐదు వారాల రేడియేషన్, దానితోపాటు ఇచ్చిన మాత్రలు పూర్తయి మూడు వారాలయింది. ఇంకో ఐదు వారాలకు ఆపరేషన్. కొన్ని నెలలపాటు మలం పడేందుకు పొట్ట మీద సంచి పెట్టుకోవలసి ఉంటుందని సర్జన్ నాతోనూ మా తమ్ముడితోనూ చెప్పారు. నాన్నకు మాత్రం ‘లోపల పుండు’ అనే చెప్పాము. సంచి మాట ముందే చెబితే ఆపరేషనే వద్దంటారేమోనని భయంగా ఉంది. అయిపోయాక చూపించి సర్దిచెప్పవచ్చునా? ఆయనకు షుగరు ఉంది, మూడేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు, రోజూ చుట్ట తాగుతారు. ఈ ఐదు వారాల్లో మేము ఏమేం చేయాలి?
— పెరంబూరు నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: మీరు అడిగినవి రెండు ప్రశ్నల్లా కనిపిస్తున్నా నిజానికి అవి ఒకటే. ఈ ఐదు వారాల్లో జరగవలసిన పనుల్లో చాలావాటిని మీ నాన్నగారే స్వయంగా చేసుకోవాలి. చుట్ట మానవలసింది ఆయనే, నడవవలసింది ఆయనే, ఊపిరి సాధన చేయవలసిందీ, నిలబడి తన పొట్ట మీద గుర్తు పెట్టించుకోవలసిందీ ఆయనే. ఎందుకు చేయాలో తెలియని మనిషి చేత ఇవన్నీ చేయించడం మీ తరం కాదు. అందుచేత సంచి సంగతి ఆపరేషన్ తరువాత కాదు, ఈ వారంలోనే ఆయనకు చెప్పాలి.

ఆయనకు ఏమీ తెలియదని మీరు అనుకుంటున్నారు. నేను అలా అనుకోవడం లేదు. ఐదు వారాలపాటు రేడియేషన్ విభాగం బయట బెంచీ మీద కూర్చున్న మనిషి పక్కవాళ్లతో మాట్లాడకుండా ఉండరు. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డిగారు 1954లో చెన్నై అడయారులో స్థాపించిన క్యాన్సర్ ఆసుపత్రి పుణ్యమా అని, మన నెల్లూరు వైపు పెద్దవాళ్లకు ‘అడయారుకు తీసుకెళ్లారు’ అన్న మాట వింటేనే జబ్బు పేరు తెలిసిపోతుంది. మీరు ఏ ఆసుపత్రిలో చూపిస్తున్నా, ఆయన చాలావరకు ఊహించే ఉంటారు. మీరు బాధపడతారని ఆయన, ఆయన బాధపడతారని మీరు నోరు మెదపకుండా ఉన్నారని నా అనుమానం.

ఇందులో చట్టం సంగతి కూడా ఉంది. తెలివిలో ఉన్న రోగి సమ్మతిని రోగి దగ్గరే తీసుకోవాలని, ఇంట్లోవాళ్లు సంతకం పెడితే చాలదని 2008లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. సమ్మతి పత్రంలో ఆపరేషన్ పేరు, సంచి పెట్టే అవకాశం, ప్రమాదాలు అన్నీ రాసి ఉంటాయి. దాని మీద ఏమిటో చెప్పకుండా వేలిముద్ర వేయించడం ఏ సర్జనూ చేయకూడని పని.

ఇక ఎలా చెప్పాలన్న విషయం. మీరు ఇంట్లో కూర్చోబెట్టి చెప్పడం కంటే సర్జన్ చేత చెప్పించడమే మంచిది. మీ అమ్మగారు, తమ్ముడు పక్కన ఉండాలి. సర్జన్ తమిళంలో చెబుతుంటే తెలుగు చేయవలసి వస్తుంది కనుక, అలా దుబాసీగా నిలబడినప్పుడు మాటలు మింగకండి. డాక్టరు మూడు నెలలంటే మీరు కొన్నాళ్లనడం, ఆయన గడ్డ అంటే మీరు పుండు అనడం వంటి సవరణల వల్లనే తరువాత ఇబ్బందులు వస్తాయి. కాసేపటికి మీరు బయటికి వచ్చి, తండ్రీకొడుకులను డాక్టరుతో వదిలేయండి. ఈ ఆపరేషన్ జరిగే చోట మూత్రానికీ దాంపత్య జీవితానికీ సంబంధించిన నరాలు ఉంటాయి. వాటికి దెబ్బ తగిలే అవకాశం గురించి ఆయన అడగదలుచుకుంటే, కూతురి ముందు నోరు పెగలదు.

అసలు సంచి ఎందుకో ఆయనకు అర్థమయ్యేలా చెప్పవచ్చు. పెద్దపేగులో చివరి 15 సెంటీమీటర్లు, అంటే జానెడు కంటే కొంచెం తక్కువ, పురీషనాళం. సర్జన్ గడ్డ ఉన్న భాగాన్ని దాని చుట్టూ ఉన్న కొవ్వుపొరతో సహా తీసేసి, పై పేగును కిందికి దించి మలద్వారానికి కొంచెం పైన కలుపుతారు. రేడియేషన్ తగిలిన చోట, అంత దిగువన వేసిన అతుకు మానడానికి వ్యవధి కావాలి. అది మానేలోగా మలం దాని మీదుగా పోకుండా, చిన్నపేగు చివరి భాగాన్ని ఉంగరంలా పొట్ట కుడివైపు బయటికి తీసి దారి మళ్లిస్తారు. అక్కడి నుంచి వచ్చేది సంచిలో పడుతుంది. కాలువ గట్టు పూడ్చేటప్పుడు నీటిని పక్క కాలువలోకి మళ్లించడం వ్యవసాయం చేసే మనిషికి ఎవరూ నేర్పనక్కరలేదు. అతుకు మానిందని పరీక్షలో తేలాక, సాధారణంగా రెండు మూడు నెలలకు, ఆ ఉంగరాన్ని మూసి లోపల పెడతారు. మధ్యలో కీమో అవసరమైతే ఇంకొంత ఆలస్యం కావచ్చు. తేదీ కాగితం మీద రాసి మాట ఇవ్వకండి.

ఇక్కడ ఒక్క పాత సంగతి చెప్పాలి. 1908లో లండన్ సర్జన్ ఎర్నెస్ట్ మైల్స్ ఈ జబ్బుకు పొట్ట వైపు నుంచీ కింది నుంచీ కోసి మలద్వారంతో సహా తీసేసే ఆపరేషన్‌ను వివరించాడు. ప్రాణాలు నిలిచేవి కానీ సంచి జీవితాంతం ఉండేది. ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్‌లో పనిచేసిన బిల్ హీల్డ్, పురీషనాళాన్ని దాని కొవ్వుపొర చెదరకుండా ఒకే ముద్దగా తీయాలని 1982లో చెప్పిన తరువాత, జబ్బు అదే చోట తిరగబెట్టడం బాగా తగ్గింది. ఆ పద్ధతి వల్ల, పేగును దిగువన అతికే స్టేప్లర్ పరికరాల వల్ల, ఒకప్పుడు జీవితాంతం సంచితో ఉండవలసిన వాళ్లలో చాలామందికి ఇప్పుడు కొన్ని నెలలతో సరిపోతోంది. కాబట్టి సంచి మాట చెప్పేటప్పుడు తప్పు చేసినట్టు తల వంచుకోవలసిన పని లేదు.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే పని. ఆపరేషన్‌కు ముందే స్టోమా నర్సు, అంటే ఇలా బయటికి తీసిన పేగు, సంచుల సంగతి చూసే నర్సు, ఆయన పొట్ట మీద సంచి స్థానాన్ని గుర్తించాలి. పడుకోబెట్టి ఒక్క చుక్క పెట్టి పంపిస్తే అది గుర్తించడం కాదు. పడుకున్నప్పుడు చదునుగా కనిపించే పొట్ట కూర్చుంటే మడతలు పడుతుంది. ఆ మడతలో పేగు వస్తే సంచి అంటుకోదు. నర్సు ఆయనను కూర్చోబెట్టి, నిలబెట్టి, ముందుకు వంచి చూడాలి. బొడ్డుకు కొంచెం కింద, కుడివైపు, పొట్ట కండరం మీదుగా, ఎముకకూ మడతకూ పాత మచ్చకూ దూరంగా, ఆయన తల వంచి తన కళ్లతో చూసుకోగలిగిన చోట గుర్తు పడాలి. పుస్తకాల్లో ప్యాంటు బెల్టు గురించి రాస్తారు కానీ మన పెద్దవాళ్లు ప్యాంట్లు వేసుకోరు. పంచె కుచ్చిళ్లు ఎక్కడ దోపుతారు, దాని మీద జేబున్న వెడల్పు బెల్టు ఎంత బిగిస్తారు, మొలతాడు ఎక్కడ పడుతుంది అన్నవి చూడకపోతే ఆ గుర్తు ఎందుకూ పనికిరాదు.

కొన్నేళ్ల కిందట ఒక ఆసుపత్రిలో హడావుడిగా ఆపరేషన్ చేయించుకొని, తరువాత నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన గుర్తున్నారు. సంచి సరిగ్గా మొలతాడు గీత మీద ఉంది. ఆపరేషన్‌కు తీసేసిన మొలతాడును ఇంటికి వెళ్లగానే ఇంట్లోవాళ్లు కట్టేశారు. వంగినప్పుడల్లా అది సంచి అంచును లేపేది, రోజుకు రెండు సంచులు మార్చేవారు. సంచి అంచు కింద చర్మం చెక్కేసినట్టు ఎర్రబడి, స్నానానికి కూడా ఏడ్చేవారు. మొలతాడును కిందికి జార్చి వదులుగా కట్టించాక కొంత కుదుటపడింది. ముందుగా పది నిమిషాలు నిలబెట్టి చూసి ఉంటే ఆ మూడు నెలల బాధ ఉండేది కాదు. కొందరు నర్సులు గుర్తు పెట్టాక ఒక ఖాళీ సంచిలో కొంచెం నీళ్లు పోసి అక్కడ అంటించి, ఒక రోజు అలాగే తిరగమంటారు. మీ నర్సు ఆ మాట అనకపోతే మీరే అడగండి. ఒక పూట నీళ్ల సంచితో తిరిగి, కూర్చుని భోంచేసి, పడుకుని లేచిన మనిషికి అసలు సంచిని చూసినప్పుడు సగం భయం ఉండదు.

గుండె మందుల విషయంలో సొంత నిర్ణయం పనికిరాదు. స్టెంట్ ఉన్నవాళ్లకు ఆస్పిరిన్‌ను చాలాసార్లు కొనసాగిస్తారు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ వంటిది వాడుతుంటే ఆపరేషన్‌కు ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపమనవచ్చు. ఏది ఆపాలో, ఏది ఉంచాలో గుండె డాక్టరు, సర్జన్, మత్తు డాక్టరు ముగ్గురూ కలిసి తేల్చి రాతపూర్వకంగా ఇవ్వాలి. షుగరు మాత్రల చీటీలో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అన్న పేర్లు ఉన్నాయేమో ఇప్పుడే చూడండి. అవి ఉంటే ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపవలసి ఉంటుంది, ఎందుకంటే పస్తు ఉన్న ఒంట్లో అవి షుగరు అంకె మామూలుగా ఉండగానే రక్తాన్ని ఆమ్లమయం చేయగలవు. మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బీఏ1సీ పరీక్ష) 8 దాటి ఉంటే దించడానికి ఐదు వారాలు తక్కువ వ్యవధే అయినా, రోజువారీ అంకెలు అదుపులోకి వస్తే గాయం మానడానికి అది కూడా మేలే.

చుట్ట ఈ రోజే ఆగాలి. నాలుగు వారాలు మానితే ఊపిరితిత్తులకూ గాయానికీ తేడా తెలుస్తుంది. పొగ తాగేవాళ్లలో పేగు అతుకు ఊడే ప్రమాదం ఎక్కువ. తగ్గించుకుంటానంటే ఒప్పుకోకండి. మూడు బంతుల ఊపిరి పరికరం మందుల షాపులో దొరుకుతుంది, దాన్ని ఊదడం కాదు, నెమ్మదిగా లోపలికి పీల్చాలి. చాలామంది వార్డులో మొదటిసారి చూసి బూరలా ఊదుతారు. ఇప్పటి నుంచి గంటకు పదిసార్లు పీలిస్తే, ఆపరేషన్ మరునాడు నొప్పిలో కొత్తగా నేర్చుకోవలసిన అవసరం ఉండదు. రోజుకు రెండు పూటలా ఆయాసం వచ్చీ రానట్టు నడిపించండి. పెరంబూరులో తోడు లేకపోతే ఊళ్లోనే పొలం గట్ల మీద నడవమనండి.

ఏడాదిపాటు రక్తం పోయింది కనుక హిమోగ్లోబిన్, ఐరన్ చూపించి తీరాలి. ఇంత తక్కువ వ్యవధిలో మాత్రలతో పని కాకపోతే, ఐరన్‌ను సెలైన్‌లో ఎక్కిస్తారు. ఆహారంలో మాంసకృత్తులు పెంచండి. రెండు గుడ్లు, పప్పు, పెరుగు, ఆయన తినేవారైతే చేపలు. క్యాన్సర్ అని తెలియగానే బంధువులు ఉప్పు మాన్పించి, కారం మాన్పించి, మాంసం మాన్పించి మనిషిని ఎండబెడతారు. ఆపరేషన్‌కు బరువు తగ్గిన మనిషి కంటే తిని బలంగా ఉన్న మనిషి నయం.

ఆపరేషన్‌కు రెండు మూడు రోజుల ముందు నుంచి పీచు తగ్గించమంటారు. తెల్లన్నం, ఇడ్లీ, చారు, పెరుగు సరిపోతాయి. ఆకుకూరలు, మునక్కాయ, గింజలు వద్దు. ముందు రోజు పేగు శుభ్రం చేసే పొడిని ఇస్తారు. సాధారణంగా రెండు లీటర్ల నీళ్లలో కలిపి పది, పదిహేను నిమిషాలకు ఒక గ్లాసు చొప్పున తాగాలి. ఉప్పగా, కొంచెం జిగటగా ఉంటుంది. ఫ్రిజ్‌లో చల్లబరిస్తే తేలిగ్గా దిగుతుంది. మూడో గ్లాసు దగ్గర చాలామంది ఇక చాలంటారు, అక్కడ కాసేపు ఆపి నాలుగడుగులు నడిపించి మళ్లీ ఇవ్వండి. చివరికి మలం కాకుండా లేత పసుపు నీళ్లు రావాలి. దానితోపాటు కొందరు సర్జన్లు యాంటీబయాటిక్ మాత్రలు కూడా ఇస్తారు, గాయంలో చీము పట్టే ప్రమాదం వాటి వల్ల తగ్గుతుంది. పొడి తాగుతుండగా పొట్ట ఉబ్బి, వాంతులయి, విరేచనం కాకపోతే ఆపి వెంటనే ఫోన్ చేయండి. ఊళ్లో ఎవరైనా దీని బదులు ఆముదం పట్టించమంటే వినకండి. గడ్డ దారిని దాదాపు మూసేసిన వాళ్లలో భేది మందు పేగుకే ముప్పు తెస్తుంది.

పస్తు విషయంలో పాత అలవాటు ప్రకారం ముందు రాత్రి నుంచి నీళ్లు కూడా ఇవ్వని ఆసుపత్రులు ఇంకా ఉన్నాయి. ప్రత్యేక కారణం లేకపోతే ఘనాహారం మత్తుకు ఆరు గంటల ముందు వరకూ, మంచినీళ్ల వంటి తేట ద్రవాలు రెండు గంటల ముందు వరకూ ఇవ్వవచ్చు. షుగరు ఉన్న మనిషి కనుక మీ మత్తు డాక్టరు చెప్పిన గంటనే పాటించండి. ఒక్క మాట మాత్రం చెన్నైలో ఉన్నందుకు చెబుతున్నాను. పాలు పడిన ఫిల్టర్ కాఫీ తేట ద్రవం కాదు, అది భోజనం కిందే లెక్క. తెల్లవారుజామున అలవాటుగా గ్లాసెడు కాఫీ తాగించి ఆపరేషన్ వాయిదా వేయించుకున్నవాళ్లు ఉన్నారు. ఇంకో సంగతి, పొట్ట మీద వెంట్రుకలను ఇంట్లో బ్లేడుతో గీయకండి. చిన్న గాట్లలో సూక్ష్మక్రిములు చేరతాయి. అవసరమైతే ఆసుపత్రిలో మిషన్‌తో కత్తిరిస్తారు.

ఆపరేషన్ మరునాడే ఆయనను కూర్చోబెట్టి, నడిపిస్తారు. అది మొరటుతనం కాదు. మంచం మీద ఉంచేస్తే కాళ్లలో రక్తం గడ్డకట్టవచ్చు, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరవచ్చు. గడ్డకట్టకుండా పొట్టలో ఇచ్చే ఇంజెక్షన్‌ను క్యాన్సర్ ఆపరేషన్ల తరువాత నాలుగు వారాల దాకా కొనసాగించమనవచ్చు. మూడో రోజు నుంచి వారం దాటేవరకూ జ్వరం, నాడి వేగం, పెరుగుతున్న పొట్ట నొప్పి, ఉబ్బరం కనిపిస్తే అతుకు దగ్గర కారుతోందేమోనని అనుమానించాలి. గ్యాస్ అనుకుని సోడా పట్టించకూడదు.

బయటికి వచ్చిన పేగు పెదవి లోపలి వైపులా ఎర్రగా, తడిగా ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి తెలియదు. నల్లబడితే ఆ నిమిషమే నర్సును పిలవాలి. సంచిని మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి, మూడు నాలుగు రోజులకొకసారి మార్చాలి. వాపు దిగుతున్నకొద్దీ పేగు చిన్నదవుతుంది కాబట్టి మొదటి రెండు నెలలు ప్రతిసారీ కొలిచి, దాని కంటే రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దదిగా సంచి రంధ్రాన్ని కత్తిరించాలి. చుట్టూ చర్మానికి కొబ్బరినూనె రాస్తే సంచి అంటుకోదు. మీ అమ్మగారు ప్రేమ కొద్దీ రాసే మొదటి వస్తువు అదే కాబట్టి ముందే చెప్పి ఉంచండి.

ఇంటికి వచ్చాక నేను ఎక్కువగా చూసే కష్టం నీరు తగ్గడం. చిన్నపేగు నుంచి వచ్చేది పలచగా ఉంటుంది, రోజుకు లీటరు లోపు ఉంటే ఫరవాలేదు. మొదటి నెల ఒక కొలత గ్లాసుతో కొలిచి రాసి ఉంచండి. లీటరున్నర దాటిందంటే మనవాళ్లు బిందెడు మంచినీళ్లు తాగిస్తారు. దానివల్ల ఇంకా ఎక్కువ పోతుంది, ఉప్పు కూడా వెళ్లిపోతుంది. ఓఆర్‌ఎస్ ఇవ్వాలి, మామూలు నీళ్లు తగ్గించాలి, డాక్టరుకు చెప్పాలి. మూత్రం తగ్గి, కళ్లు తిరుగుతుంటే ఆసుపత్రికే తీసుకెళ్లాలి. అన్నం, అరటిపండు, సగ్గుబియ్యం, పెరుగు సంచిలోకి వచ్చేదాన్ని చిక్కబరుస్తాయి. మునక్కాయ పీచు, కొబ్బరి ముక్కలు, వేరుశనగలు నమలకుండా మింగితే దారిలో అడ్డం పడతాయి. సంచి ఖాళీగా ఉండి పొట్టలో మెలిపెట్టే నొప్పి వస్తే అదే అనుమానించండి.

సంచితో పూజ చేయవచ్చునా, గుడికి వెళ్లవచ్చునా అని మీరు అడగలేదు కానీ ఆయన అడుగుతారు. మలం అందరి కడుపులోనూ ఉంటుంది, ఆయనకు మూతపెట్టిన సంచిలో ఉంటుంది, అంతే తేడా. స్నానం చేసి వెళ్లమనండి.

సూళ్లూరుపేట లోకల్‌లో వచ్చిపోవడం తేలికే అయినా, డిశ్చార్జి తరువాత కనీసం పది రోజులు మీ ఇంట్లోనే ఉంచుకోండి. ఖర్చు సంగతికి వస్తే, ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) సేవలను 2019 నవంబరులో చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ ఆసుపత్రులకు విస్తరించారు. మీ ఆసుపత్రిలో ఈ ఆపరేషన్‌కు ఇప్పుడు వర్తిస్తుందో లేదో అక్కడి కౌంటరులో అడ్మిషన్‌కు ముందే కనుక్కోండి, చేరిన తరువాత కాదు. సంచుల ఖర్చును విడిగా వేసుకోండి.

రేపు ఫోన్ చేసి రెండు అపాయింట్‌మెంట్లు అడగండి. ఒకటి, ఆయనతో మాట్లాడడానికి సర్జన్ దగ్గర. రెండోది, ఆ తరువాత వారంలో స్టోమా నర్సు దగ్గర. రెండో దానికి వచ్చేటప్పుడు ఆసుపత్రికని ఉతికి మడతపెట్టిన కొత్త పంచె కాకుండా, రోజూ పొలానికి కట్టుకునే పంచె, ఆ జేబు బెల్టుతోనే రమ్మనండి.